బీడు రోజు

పద్నాలుగు మందిలో ఎనిమిది మంది నాడి చూడడం అయిపోయింది. సారమ్మ మేడం నేలకు చెయ్యి ఆనించి లేచి, తొమ్మిదో పరుపు దగ్గరికి జరిగి, మళ్ళీ కూలబడింది. అరవై రెండేళ్ళ మోకాళ్ళవి. లేచేటప్పుడొక మాట, కూర్చునేటప్పుడొక మాట అనకుండా ఊరుకోవు. ఆమె వాటితో వాదన పెట్టుకోదు. గడియారాన్ని మణికట్టు లోపలి వైపుకు తిప్పుకుని, పడుకున్న అమ్మాయి చేతి నరం మీద రెండు వేళ్ళు పెట్టి, పెదవులు కదపకుండా లెక్కపెట్టింది. అరవై ఒకటి. నోటుపుస్తకంలో వేసుకుంది. తర్వాత తన అరచెయ్యి ఆ పిల్ల చేతిలో పెట్టి "పిసుకు" అంది. ఆ పిల్ల కళ్ళు మూసుకునే పిసికింది. బాగానే పిసికింది.

ఇది రోజూ ఉండే తతంగమే. మెలకువ వచ్చాక, కాళ్ళు నేలకు దించక ముందే నాడి చూడాలి. ఎవరైనా తొందరపడి బాత్‌రూముకు పోయి వచ్చారో, "ఇగ నీ లెక్క పాడైంది, పో, పది నిమిషాలు మల్ల పండుకో" అని పరుపు మీదికి తోలుతుంది. నిద్ర లేచీ లేవని గుండె అబద్ధం చెప్పదని ఆమె నమ్మకం. పళ్ళు తోముకున్న తర్వాత మనిషి ఎన్నైనా చెబుతుంది.

వీళ్ళంతా పడుకున్నది మహబూబాబాదు పొలిమేరలోని ఒక ఫంక్షన్ హాలులో. మూఢం నడుస్తోంది, పెళ్ళిళ్ళు లేవు, హాలు ఖాళీ. అందుకే మహిళల కబడ్డీ లీగులో ఆడబోయే 'మానుకోట మెరికలు' జట్టుకు నెలన్నర శిబిరానికి అది దొరికింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర మఖమలు కుర్చీలు రెంటినీ గోడవారకు నెట్టి, వేదిక ముందు నీలం మ్యాటు పరిచారు. వెనక గోడ మీద ఎవరి పెళ్ళివో థర్మాకోల్ అక్షరాలు సగం ఊడిపోయి, సగం వేలాడుతున్నాయి. భోజనాల గదిలో పద్నాలుగు పరుపులు. వంట మాత్రం పెళ్ళి వంటకు ఏమీ తీసిపోదు. లచ్చమ్మ చెయ్యి అలాంటిది.

జట్టుకు కోచ్ రంజిత్. భూపాలపల్లి మనిషి, బొగ్గుబాయి కార్మికుడి కొడుకు. పెద్ద లీగుల్లో ఆడి, భుజం జారిపోయి, ముప్పై నాలుగేళ్ళకే కోచ్ అయ్యాడు. ఆట ఎలా ఆడాలో అతను చెబుతాడు. ఏ రోజు ఎంత ఉరకాలో, ఎన్నిసార్లు కూతకు పోవాలో, ఎప్పుడు ఆపి ఒళ్ళు చల్లార్చుకోవాలో రాసేది సారమ్మ. గెలిస్తే ఆడినవాళ్ళ బొమ్మ పేపర్లో పడుతుంది, కోచ్ మాట కింద పడుతుంది. సారమ్మలాంటివాళ్ళ పేరు ఎక్కడా పడదు. పెళ్ళి కార్డు మీద వంటాయన పేరు ఎవరైనా వేస్తారా? ఆమె కూడా ఏనాడూ చూసుకోలేదు.

వారాన్ని ఆమె సేద్యం లెక్కన విడగొట్టింది. మంగళ, గురువారాలు దుక్కి, అంటే ఒళ్ళు విరిగేంత పని. బుధవారం కలుపు. ఎవరి ఆటలో ఏ తప్పు మొలిచిందో ఆ రోజు ఏరిపారెయ్యాలి. సోమ, శుక్రవారాలు తడి: సాగదీతలు, నెమ్మది పరుగు, కాళ్ళకు నూనె. శనివారం రెండు జట్లుగా చీలి పూర్తి ఆట ఆడతారు, దాని పేరు కోత. ఆదివారం బీడు. బీడంటే బీడే, గడ్డిపరక కూడా కదలకూడదు. ఊళ్ళు దగ్గరున్న పిల్లలు శనివారం సాయంత్రం ఇళ్ళకు పోయి, ఆదివారం రాత్రికి తిరిగొస్తారు.

మొదటి వారం ఈ పట్టిక చూసి రంజిత్ పడీ పడీ నవ్వాడు. "మేడం, మీరు పీఈటీగ చేసిన్రా, వ్యవసాయ శాఖల చేసిన్రా?" అన్నాడు.

"దున్నిన భూమినే మల్ల మల్ల దున్నితే దుమ్ము లేస్తది రంజిత్. పంట రాదు."

మూడో వారానికి అతనే పిల్లలతో "రేపు దుక్కి, జల్ది పండుకోండ్రి" అనడం మొదలుపెట్టాడు. సారమ్మ విననట్టే ఉంది గానీ, ఆ పూట లచ్చమ్మను అడిగి ఇంకో గరిటె పప్పు వేయించుకుంది.

పన్నెండో పరుపు సుమనది. నెల్లికుదురు అవతలి తండా పిల్ల, ఇరవై ఏళ్ళు. మనిషి బక్కపలచన, కాళ్ళు మాత్రం ఒంటికి మించి పొడుగు. కూతకు పోయిందంటే ఆ కాలు ఎక్కడి నుంచి వచ్చి తాకుతుందో ఎదుటివాళ్ళకు అంతు చిక్కదు. జట్టు మొత్తానికి ఈ పిల్ల ఒక్కతే ఒక ఎత్తు. అటువంటిది, ఈ పూట పిలిస్తే ఉలకలేదు, పలకలేదు. సారమ్మ చెయ్యి అందుకుని లెక్కపెట్టింది. డెబ్బై తొమ్మిది. తప్పు లెక్కపెట్టానేమోనని మళ్ళీ చూసింది. ఎనభై. పుస్తకం వెనక్కి తిప్పింది. వారమంతా అరవై, అరవై రెండు ఉండే పిల్లకు సోమవారం వచ్చేసరికి డెబ్బై ఆరు, డెబ్బై ఎనిమిది, డెబ్బై ఎనిమిది. ఇదీ కలిపితే నాలుగు సోమవారాలు. బీడు పెట్టిన మర్నాడు గుండె నెమ్మదించాలి గానీ ఎగబాకడమేమిటి? "పిసుకు" అంటే సుమన వేళ్ళు ఆమె అరచేతి చుట్టూ మెత్తగా ముడుచుకుని జారిపోయాయి.

మిగిలిన ఇద్దరివీ చూసి, సారమ్మ వరండాలోకి వచ్చి, చెమట పట్టిన కన్ను తుడుచుకుంది. అంతే. కన్ను భగ్గుమంది. నీళ్ళు బొటబొటా కారిపోయాయి. "యేసయ్యా, యేసయ్యా" అంటూ నల్లా దగ్గరికి పరుగెత్తి ముఖం కడుక్కుంటుంటే, లచ్చమ్మ వచ్చి చూసి, "గదేంది మేడం, మిర్చి పట్టుకున్నరా? నేనింక పోపే పెట్టలే" అంది.

సారమ్మ తడి ముఖంతోనే తన అరచెయ్యి వాసన చూసుకుంది. తేజా మిర్చి ఘాటు. పొద్దున్నుంచి ఆమె పట్టుకున్నవి పద్నాలుగు చేతులు తప్ప ఇంకేవీ లేవు.

ఈ కాలంలో ఆ చుట్టుపక్కల ఏ చేను చూసినా ఎర్రగా పండి ఉంటుంది. పొద్దున ఏడింటికి వంగితే చీకటి పడేదాకా నడుము ఎత్తనివ్వని పని మిర్చి ఏరడం. తొడల వెనక నరాలు లాగేస్తాయి. చేతులు సబ్బుతో రుద్దినా రెండు రోజులు మండుతూనే ఉంటాయి. సారమ్మకు ఎవరూ చెప్పనక్కరలేదు, ఆమె తల్లి ఈదమ్మ ఆ పనిలోనే ముసలిదయింది. నెల రోజులుగా బీడని తను రాసిన రోజున ఈ పిల్ల దుక్కి దున్ని వస్తోంది. పట్టికలో ఇంటి దగ్గరి పనికి గడి లేదు. ఎన్ని పుస్తకాలు చదివి ఏం లాభం, కూలోళ్ళ ఇంట్లో పుట్టి కూడా ఆ గడి గియ్యడం మరిచిపోయానే అని తనను తానే తిట్టుకుంది.

సారమ్మది చిల్పూరు పక్క పల్లె. పద్దెనిమిదో ఏట జిల్లా జట్టులో కూతకు పోయేది. రాష్ట్ర పోటీలకు మూడు రోజుల ముందు అప్పటి సారు, మొదటి బహుమతి కొట్టాలన్న యావతో, పిల్లలందరినీ చిల్పూరు గుట్ట మెట్ల మీద పొద్దూ మాపూ ఎక్కించి దించాడు. పోటీ రోజున మూడో కూతలో సారమ్మ మోకాలు టప్పుమంది. అక్కడితో సరి. "పిల్లకు దమ్ము లేదు" అని ఆ సారు అందరి ముందూ అన్నాడు. ఆ మాట ఆమె ఇంకా మరిచిపోలేదు. ఇంట్లో ఎడ్లకైనా రెండు రోజులు దున్నితే మూడో రోజు కాడి దించుతారు గదా, మనుషులకు దించేవాడే లేడా అనుకుంది. తర్వాత పీఈటీ ఉద్యోగం వచ్చింది. గార్ల నుంచి జనగామ దాకా ముప్పై నాలుగేళ్ళు బళ్ళు మారింది. భర్త ఇమ్మానుయేల్ రైల్వేలో చేసి, ఎనిమిదేళ్ళ కింద పోయాడు. పిల్లలు లేరు. జనగామలో చెల్లెలి ఇంటి మీద ఒక గది ఉంది. అవార్డులు లేవు, శాలువాలు లేవు. ఏడాదికోసారి ఎక్కడైనా నలుగురు టీచర్లు కలిసినప్పుడు మాత్రం ఒక్క మాట అనేది: "నా చేతి కింద పని ఎక్కువై ఒక్క పిల్ల కాలు కూడ పోలే." ఆమె గొప్పలన్నీ కలిపి అదొక్కటే. జీతం ఇచ్చి ఆడించే జట్టుకు పట్టిక రాయమని రిటైరయ్యాక పిలుపొస్తే, ఆ రాత్రి కొత్త పెళ్ళికూతురిలా నిద్రపోలేదు.

మిగతావాళ్ళు ఒళ్ళు సాగదీస్తుండగా సుమనను వెనక గిన్నెలు కడిగే చోటికి పిలిచింది. ఎర్రబడ్డ కన్ను చూపించింది.

"గిది నీ చేతి మిర్చేనా?"

సుమన చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేనేం చెయ్యలే మేడం."

"నీ గుండె నాలుగు వారాల సంది చెప్తనే ఉన్నది. నాకే సమజ్ కాలే. చెప్పు బిడ్డా, ఎవల చేను?"

అప్పుడు చెప్పింది, నేల చూస్తూ. తండాలో అందరి మిర్చీ ఒకేసారి పండింది. కూలోళ్ళు దొరకరు. అందుకని బదులు పెట్టుకున్నారు. ఈ రోజు మీరంతా మా చేనుకు రండి, రేపు మేం మీ చేనుకు వస్తాం. సుమన వాళ్ళ చేను ముందు పండింది, ఆరు ఇళ్ళవాళ్ళు వచ్చి ఏరి పెట్టారు. ఆ ఆరిళ్ళకూ ఈ ఇంటి నుంచి మనిషి పోవాలి. బాపు ధన్‌సింగ్ హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు. యాడి, అంటే తల్లి, జ్వరంతో మంచం పట్టింది.

"పైసలిస్తే తీస్కోరా?"

"పైసలేం చేస్కుంటరు మేడం, చెట్టు మీద మిర్చి తాలైపోతుంటే? మనిషికి మనిషే. పోకుంటే తండల మల్ల మా చేను గట్టు ఎవ్వలు తొక్కరు."

సారమ్మకు తిట్టడానికి నోరు రాలేదు. పిల్ల చేసింది తప్పంటే తండా తప్పు, తల్లి జ్వరం తప్పు, చెట్టు మీద పండిన మిర్చి తప్పు. కానీ ఒప్పంద పత్రం చదివి వినిపించిన రోజున ఆమె కూడా అక్కడే ఉంది. శిబిరం నడిచే రోజుల్లో బయట ఏ పనికి పోయినా ఆ ఆటగత్తె ఒప్పందం రద్దు. మాటకు మాట అలాగే రాసి ఉంది. "ఎవ్వలకన్న చెప్పినవా?" అంటే సుమన తల అడ్డంగా ఊపింది. "చెప్పకు" అంది సారమ్మ. లచ్చమ్మ దగ్గర నుంచి మంచినూనె తెచ్చి, ఆ వేళ్ళకు ఒక్కొక్కదానికీ తనే రాసి రుద్దింది.

తొమ్మిదింటికి రంజిత్ అందరినీ మ్యాటు మీద కూర్చోబెట్టి చప్పట్లు కొట్టాడు. హైదరాబాదు నుంచి మేనేజరు తిరుపతి సారు వస్తున్నాడు. పద్నాలుగు మందిలో పన్నెండు మందినే లీగుకు తీసుకుంటారు. దాని కోసం పెట్టే పరుగు పరీక్ష, ఈ రోజే, మూడింటికి. గంట మోగేలోపు ఈ గీత నుంచి ఆ గీతకు ఉరకాలి. పోనుపోను గంట తొందరగా మోగుతుంది. రెండుసార్లు వెనకబడితే బయటికే.

పిల్లలు గుసగుసలాడుకున్నారు. సుమన మాత్రం తన పాదాల వైపు చూసుకుంటూ ఉండిపోయింది. సారమ్మ రంజిత్‌ను పక్కకు తీసుకుపోయింది.

"పరీక్ష గురువారం అని రాసిన గదా. పేర్లు శుక్రవారం దాక పంపొచ్చు గదా."

"పంపొచ్చు మేడం. గని సారు ఇయ్యాల వస్తుండు, పని అయిపోతది. నిన్న బీడు, ఇయ్యాల అందరు తాజాగ ఉంటరు. మంచిదే గదా?"

మంచిదే. పట్టిక ప్రకారం అంతకంటే మంచి రోజు లేదు. ఆమె వాదించడానికి నోరు తెరిచి, తన పట్టికే తనకు అడ్డం రావడంతో మూసుకుంది.

ఇక ఆ మధ్యాహ్నం దాకా ఆమె తనకు తెలిసిన విద్యలన్నీ ఒక్క పిల్ల మీద ప్రయోగించింది. మిగతా వాళ్ళకు అనుమానం రాకుండా అందరికీ సాగదీతలు తగ్గించింది. లచ్చమ్మతో ఉప్పు వేసిన మజ్జిగ చేయించి సుమనకు చెంబెడు పట్టింది. పెళ్ళికొడుకు కుర్చీని భోజనాల గదిలోకి లాగి, సుమనను నేల మీద పడుకోబెట్టి, ఆ పొడుగు కాళ్ళు రెంటినీ కుర్చీ మీదికి ఎత్తించింది. కిటికీకి దుప్పటి కట్టి "పండుకో, ఏం ఆలోచించకు" అంది. ఆ పిల్ల నిజంగానే చెప్పిన మరుక్షణం నిద్రపోయింది. అంత అలసట. సారమ్మ పక్కనే కూర్చుని ఈగలు తోలింది.

రెండున్నరకు లేపింది. డెబ్బై నాలుగు. కుడికాలు మోకాలు వంచకుండా పైకి లేపి చూసింది. సగం కూడా లేవకముందే సుమన పళ్ళు బిగబట్టింది. తొడ వెనక నరం చేతికి తాడులా తగులుతోంది. ఈ కాలుతో ఉరికితే గంట పన్నెండుసార్లు మోగేదాకానైనా నిలవదు, బయటికి పోతుంది. పట్టుదలకు పోయి దాటబోయిందా, ఆ నరం తెగుతుంది. ఆనాటి మూడో కూతలో తన మోకాలు చేసిన చప్పుడు సారమ్మకు చెవుల్లో వినిపించింది.

నిజం చెబితే ఒప్పందం పోతుంది. దెబ్బ తగిలిందంటే పన్నెండు మందిలో చోటు పోతుంది. చెప్పకపోతే కాలు పోతుంది. సారమ్మ కాసేపు గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. ప్రార్థించిందో, లెక్కలే వేసిందో ఎవరికి తెలుసు! లేచి నోటుపుస్తకం చంకలో పెట్టుకుని మ్యాటు దగ్గరికి నడిచింది.

తిరుపతి సారు నెమ్మదైన మనిషి. కళ్ళజోడు, చేతిలో ఫైలు. పెళ్ళికూతురి కుర్చీలో కూర్చోవడానికి మొహమాటపడి, ప్లాస్టిక్ కుర్చీ వేయించుకున్నాడు. రంజిత్ గంట మోగే ఫోను సరిచూస్తున్నాడు. పదమూడు మంది గీత మీద నిలబడ్డారు. సుమన చివర్లో వచ్చి నిలబడింది.

"సార్, సుమనను ఉర్కియ్యద్దు" అంది సారమ్మ.

"ఎందుకమ్మా? దెబ్బ తగిలిందా?"

"లేదు. తప్పు నాది." నోటుపుస్తకం చంకలోంచి తీసింది. "ఆదివారం ఆదివారం నేనే ఆ పిల్లతోని ఎక్కువ పని చేపిచ్చిన. పట్టికల లేదు. కోచ్‌కు చెప్పలే. అందరికన్న మీదికి పోతదని ఆశపడ్డ. నిన్న గూడ పొద్దంత చేపిచ్చిన. కాలు పట్టేసింది. ఇయ్యాల ఉరికితే తెగుతది."

సుమన తలెత్తి నోరు తెరవబోయింది. సారమ్మ ఆ వైపు చూసిన చూపుకు మళ్ళీ మూసుకుంది. పట్టపగలు పచ్చి అబద్ధం, అదీ యేసు ప్రభువును నమ్ముకున్న మనిషి!

"నమ్మకుంటే గివి చూడండ్రి" అని పుస్తకం తెరిచి చూపించింది. నాలుగు సోమవారాలు, నాలుగు అంకెలు. రోజూ ఆమె నిజాయితీగా రాసిన అంకెలే ఆ వేళ ఆమె మీద సాక్ష్యం చెప్పాయి. తిరుపతి సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. పరీక్ష సుమనకు గురువారానికి మార్చారు. మిగతా పదమూడు మంది అప్పుడే ఉరికారు.

అంతా అయ్యాక తిరుపతి సారు ఆమెను వరండాలోకి పిలిచాడు. ఆయనేం కేకలు వెయ్యలేదు. "పెద్దమనిషివి అమ్మా, నువ్వే గిట్ల చేస్తే ఎట్ల? ఆ పిల్లకు ఏమన్న అయితే జవాబు మేం చెప్పాలె" అన్నాడు. "పనెక్కువ పెట్టి కాళ్ళు పోగొట్టేటోళ్ళను శానమందిని చూసిన. నువ్వు గట్లాంటిదానివి కావనుకున్న." రేపటి నుంచి రావద్దని, మాట మెత్తగానే అయినా, చెప్పేశాడు. సారమ్మ తలూపింది. ముప్పై నాలుగేళ్ళు నోటితో చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప, అలా ఒక ఫంక్షన్ హాలు వరండాలో పోయింది. అయినా పోనీ అనుకుంది, కాలు మిగిలింది.

సర్దుకోవడానికి ఆమెకు పావుగంట పట్టింది. రెండు జతల బట్టలు, బైబిలు, నూనె సీసా, మోకాళ్ళ పట్టీలు. సంచి జిప్పు వేస్తుంటే సుమన వచ్చి గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. సంతోషంతో ఏడుస్తోందనుకుని సారమ్మ వీపు నిమిరింది.

"గది కాదు మేడం. ఇందాక యాడి ఫోన్ చేసింది. ఇంక రెండిండ్లు బాకున్నయి. మా తండల తారి అని ఒకామె ఉన్నది, వాళ్ళు రేపు ఏరుతరట, ఆమె పక్క చేను ఎల్లుండి. ఆదివారం దాక ఆగదట మిర్చి. నేను పోవాలె. పోతే గురువారం మల్ల గిదే కాలు."

సారమ్మ సంచి కింద పెట్టింది. ఇంత చేసి, ఉద్యోగం పోగొట్టుకుని, చివరికి రెండు బస్తాల మిర్చి దగ్గర ఆగిందా! ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు తనకే ఆశ్చర్యమేసింది.

"మనిషికి మనిషే అన్నవు గదనే?"

"అవు మేడం."

"గా మనిషి మీ తండాదే కావాలని ఉన్నదా?"

సుమనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ పట్టుకుంది. "మీరా! వద్దు మేడం, మీ మోకాళ్ళు!"

"మా అవ్వ ఎంటబడి పదేండ్లు ఏరిన. కూసుండి ఏరుత, పాకి ఏరుత, నీకెందుకు? ఎట్లయిన నేను ఖాళీ. మీ యాడిని పొద్దుగాల దవాఖానకు గూడ తోల్కపోత. నువ్వు రేపు, ఎల్లుండి కాళ్ళు మీద పెట్టుకొని పండాలె. బుధవారం సాయంత్రం పావుగంట నడువు, ఉరకకు. గురువారం నాడి అరవై రెండు దాటిందో, చెప్త నీ పని."

గేటు దగ్గర రంజిత్ బండికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో.

"నిన్న పొద్దుగాల మిమ్ముల చర్చికాడ దింపింది నేనే గద మేడం" అన్నాడు. "సాయంత్రం తోల్కొచ్చింది గూడ నేనే. గప్పటిదాక మీరు ఆడనే ఉన్నరు, సుమన తండాల ఉన్నది."

"అవును."

"మరి ఆ పిల్లతోని పనెప్పుడు చేపిచ్చిన్రు?"

సారమ్మ సంచి ఈ భుజం మీది నుంచి ఆ భుజానికి మార్చుకుంది. "పట్టికల ఒక గడి తక్కువున్నది రంజిత్. ఇంటికాడ ఏం పని చేసిన్రని సోమవారం సోమవారం అడుగు. తిట్టకుంట అడుగు, చెప్తరు. దాన్ని గూడ దుక్కి కిందనే రాస్కో."

అతను బండికి ఆనుకోవడం మాని నిటారుగా నిలబడ్డాడు. తిరుపతి సారు ముందు ఆ మాట అనకుండా తను నోరు కట్టేసుకున్నందుకు సిగ్గుపడుతున్నాడో, సంతోషిస్తున్నాడో అతనికే తెలిసినట్టు లేదు. ఒంగి ఆమె పాదాలు తాకబోతే సారమ్మ వెనక్కి జరిగింది. "రైల్వే స్టేషన్‌ల దింపుతా" అన్నాడు.

"జనగామకు గాదు. నెల్లికుదురు ఆటోలు ఆగేకాడ దింపు."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఏమనుకున్నాడో, ఇంకేం అడగకుండా బండి తీశాడు. ఎక్కబోతూ సారమ్మ మళ్ళీ మెట్ల దాకా వచ్చింది. లచ్చమ్మను కేకేసి, పాతవి ఏమైనా రబ్బరు చెప్పులుంటే ఇమ్మంది. లచ్చమ్మ తన కాళ్ళవే విడిచి ఇచ్చింది. సారమ్మ మెట్టు మీద కూర్చుని, బూట్లు విప్పి, అవి తొడుక్కుంది. ఒకదాని వేలి పట్టీ తెగి పిన్నీసు పెట్టి ఉంది.

"గవ్వి మరిసిపోతున్నరు మేడం" అంది లచ్చమ్మ.

"చేన్ల బూట్లెందుకు లచ్చమ్మా, మట్టి దూరుతది. ఉండనియ్."

బండి గేటు దాటి రోడ్డెక్కింది. లోపల ఎవరో దీపాలు వేశారు. సుమన, మేడం చెప్పినట్టే, పరుపు మీద పడుకుని కాళ్ళు కుర్చీ మీదికి ఎత్తుకుంది. బయట మెట్టు మీద, పద్నాలుగు మంది చెప్పులకు కాస్త ఎడంగా, ఒక జత తెల్ల కాన్వాసు బూట్లు ఉన్నాయి. పొద్దున సుద్ద రాసిన తెలుపు ఇంకా పోలేదు, మడిచిన మేజోళ్ళు లోపల దోపి ఉన్నాయి.